సుద్దగీతల ఇల్లు

"జానెడు దాటింది," అంది అత్తగారు.

"జానెడు కాదమ్మా, బెత్తెడు," అన్నాడు మాస్టారు, నేలమీద మోకాళ్ళు ఆన్చి టేపు వంక చూస్తూ.

"నీ బెత్తెడో నా జానెడో, మంచం కోడు గీత దాటిందా లేదా?"

"దాటింది."

"గీత అంటే గోడ అన్నావు. మరి ఆ గోడ ఎక్కడ లేపుతార్రా, నా మోకాళ్ళ మీదా?"

మధ్యాహ్నం కాఫీల దగ్గర మొదలైన ఈ తగువు సాయంత్రమైనా తెమల్లేదు. హాలు నేలంతా సుద్దగీతలే. కొనబోయే ఫ్లాటులో నడిమి గది ఎంతుంటుందో సరిగ్గా అంత కొలతకి మాస్టారు గీసిన గది అది. తలుపు తెరుచుకునే చోట అరచందమామలా ఓ వంపు, కిటికీ వచ్చేచోట అడ్డంగా రెండు గీట్లు. ఆ గీతల మధ్య అత్తగారి మంచం. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ చేయించుకున్న పాతకాలపు చెక్క మంచం. ముగ్గురు హాయిగా పడుకోవచ్చు. అటు తిప్పితే తలుపు సగమే తెరుచుకుంటుంది, ఇటు తిప్పితే కాళ్ళు పక్కింట్లోకి పోతాయి.

"పోనీ, మంచం మార్చేద్దామా?" అన్నాడు మాస్టారు, గొంతు బాగా తగ్గించి.

"మార్చు. పనిలో పని, తల్లిని కూడా కొత్తదాన్ని చూసుకో. చిన్న సైజుది."

గోడకి చేరబడి నిలబడ్డ పండు కిసుక్కున నవ్వి, తండ్రి చూపు పడగానే దగ్గు నటించింది. వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూచున్న చిన్నారి మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళు మంచం మీద లేవు, గీతల మీద ఉన్నాయి. రేపు పదకొండింటికి సంతకం పెడితే ఈ గీతలు నిజం గోడలైపోతాయి. వాటి మధ్య ఇరవై ఏళ్ళ వాయిదాలు.

కథ ఈ గీతల దాకా ఎలా వచ్చిందో ఓసారి చెప్పుకుంటే మంచిది.

చిన్నారి చిన్నదేం కాదు, నలభై నాలుగేళ్ళు. ఆరుగురు పిల్లల్లో ఆఖరిది కాబట్టి పుట్టింట్లో పెట్టిన ముద్దుపేరు అత్తవారింటికి కూడా వెంటబడి వచ్చేసింది. పళ్ళ ల్యాబులో పని ఆమెది. డాక్టర్లు పళ్ళు ఊడిపోయిన చిగుళ్ళకి అచ్చులు తీసి పంపిస్తే, వాటిలో ప్లాస్టరు పోసి, మైనం మీద పన్ను పక్కన పన్ను పేర్చి కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తుంది. కొత్తవాళ్ళెవరైనా నవ్వితే ముందు పళ్ళు చూసి ఆ తర్వాతే మొహం చూస్తుందని ఇంట్లో వేళాకోళం. ఆమె చేసిన సెట్టే పెట్టుకునే అత్తగారు, బిగుతు సరిచేయించుకునే వంకతో అప్పుడప్పుడు ల్యాబుకి వెళ్ళి అక్కడి పెద్దాయనతో కబుర్లాడి వస్తుంది.

ఆమె భర్త బడిలో డ్రిల్లు మాస్టారు. పరేడ్‌కి పిల్లల్ని నడిపించి నడిపించి, రిహార్సల్ లేకుండా ఏ పనీ చేయలేని మనిషైపోయాడు. పండు పుట్టబోయే ముందు స్టాప్‌వాచీ చేత్తో పట్టుకుని ఇంటినుంచి ఆస్పత్రికి టాక్సీలో మూడుసార్లు వెళ్ళొచ్చాడు. తీరా నొప్పులొచ్చిన రోజున, ఆ మూడింటికంటే తక్కువ టైములో ఆస్పత్రి చేరాడు. చిన్నారి మాత్రం ఇంకా ఇంటి మెట్ల మీదే ఉంది.

అలాంటి మనిషికి వాళ్ళక్క, తన పక్క ఫ్లాటు అమ్మకానికి వచ్చిందని చెప్పింది. కొనగలమా లేదా తేల్చుకోవడానికి మాస్టారు పెట్టిన పరీక్ష కూడా రిహార్సలే. ఆర్నెల్ల పాటు సొంతిల్లు కొనేసినట్టే బతకాలి. ఇప్పుడు కడుతున్న అద్దెకీ, రేపు కట్టబోయే బ్యాంకు వాయిదాకీ మధ్య తేడా ఎంతో, అంతా నెలనెలా తీసి పక్కన పెట్టాలి. వాయిదా అద్దెకి రెండున్నర రెట్లు. అయినా ఒక్క నెలైనా తప్పలేదు. మాస్టారు బండి అమ్మేసి సైకిలెక్కాడు. పండు ఆర్నెల్లుగా సినిమా హాలు మొహం చూడలేదు. అత్తగారు కొత్త కళ్ళజోడు వాయిదా వేసుకుంది. జానెడుకీ బెత్తెడుకీ తేడా తెలియకపోవడం దానివల్లేనని మాస్టారి అనుమానం. చిన్నారి సాయంత్రాలు, ఆదివారాలు ల్యాబులో అదనపు సెట్లు చేసింది. మెడ ఒకవైపే తిరుగుతోంది. రిహార్సల్ దిగ్విజయంగా ముగిసింది.

ఇక గతవారం చివర్లో జరిగింది. ల్యాబు పెద్దాయన చిన్నారిని లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి చెప్పాడు. "కళ్ళు సహకరించడం లేదమ్మా. ల్యాబు మానేద్దామనుకుంటున్నా. మెషీన్లు, డాక్టర్లు, పనివాళ్ళు, అన్నీ నీకు తెలిసినవే. నువ్వు తీసుకో. కొనక్కర్లేదు, అద్దెకి తీసుకో. శనివారం లోపల ఏదో ఒకటి చెప్పు. మెషీన్లు అడిగేవాళ్ళు కాచుకుని ఉన్నారు."

తీసుకోవాలంటే అడ్వాన్సు కావాలి, సరుకు కావాలి, డాక్టర్ల దగ్గర్నుంచి బాకీలు వసూలయ్యేదాకా జీతాలివ్వాలి. ఇంట్లో ఉన్న డబ్బు దానికి సరిపోతుంది. అదే డబ్బు రేపు ఫ్లాటుకి పోతోంది. అందుకే ఆ మాట ఆమె మొగుడికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, అత్తగారికి అసలే చెప్పలేదు. రేపటితో ఆ ఆశ దానంతటదే ఆరిపోతుందిలే అనుకుంది. ఇవాళ గురువారం.

కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీసేసరికి వదిన. మాస్టారి అక్క. ఒక చేతిలో చిన్న సంచీ, ఇంకో చేతిలో ఆమె నడుముదాకా వచ్చే పెద్ద సంచీ. మెట్లెక్కిన ఆయాసంతో రొప్పుతోంది.

"అమ్మను చూడాలనిపించింది," అంది.

"పోయిన గురువారమూ అనిపించింది కదత్తా," అంది పండు.

"కన్నతల్లి మీద ప్రేమకి వారాలుంటాయిటే? చిన్నారీ, చెమటకి చిరాగ్గా ఉంది, ముందు ఒళ్ళు కడుక్కుని వస్తాను." అమ్మ వంక తిరిగైనా చూడకుండా, సుద్దగోడల్ని తొక్కుకుంటూ, పెద్ద సంచీతో సహా బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టేసుకుంది.

"గోడల్లోంచి నడిచి వెళ్ళింది చూశావా మీ అక్క," అంది అత్తగారు కొడుకుతో. "దెయ్యాలకి గానీ చేతకాదు."

లోపల్నుంచి పంపు చప్పుడు మొదలైంది. ఒంటి మీద పోసుకునే నీళ్ళ చప్పుడు కాదది. బకెట్లు నిండుతున్నాయి, బట్టలు రాతి మీద పడుతున్నాయి, మళ్ళీ బకెట్లు నిండుతున్నాయి. చిన్నారి చెవి అటే పెట్టింది. నాలుగు గురువారాలుగా వదిన రావడం, రాగానే బాత్రూములో దూరడం, తడి జుట్టుతో బయటికి వచ్చి సొంతింటి సుఖాల గురించి గంటసేపు చెప్పి వెళ్ళడం. ఆ సంచీలో ఏముంటుందో ఎవరూ అడగలేదు.

కాసేపటికి పంపు ముక్కుతూ మూలిగింది. తర్వాత ఆ మూలుగూ ఆగిపోయింది.

"తమ్ముడూ," అని లోపల్నుంచి కేక. "నీళ్ళు రావడం లేదు. ఒళ్ళంతా సబ్బు."

"వస్తున్నాయుండక్కా, ట్యాంకు అయిపోయినట్టుంది," అంటూ మాస్టారు వెళ్ళి మెట్ల కింద మోటారు స్విచ్చి వేశాడు. మోటారు ఒక్కసారి గుర్రుమంది, ఆగింది. సన్నగా కాలిన వాసన.

పైమెట్ల మీద చెప్పుల చప్పుడు, ఇంటి ఓనరు గొంతు. "మళ్ళీ కాలిందా మాస్టారూ? నేను ముందే అనుకున్నా, పోయినసారి చుట్టినవాడు సరిగ్గా చుట్టలేదు. మీరేం కంగారుపడకండి. మెకానిక్కి ఫోన్ చేస్తున్నా. ఈసారి కొత్త మోటారే వేయించేస్తా, పీడా పోతుంది. ఈలోగా మా వంటింటి డ్రమ్ములోంచి రెండు బకెట్లు పట్టుకెళ్ళండి."

మాస్టారు రెండు బకెట్లు మోసుకొచ్చి అక్కయ్యకి తలుపు సందులోంచి అందించాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, టేపు మళ్ళీ అందుకున్నాడు. మొహంలో చీకూ చింతా లేదు.

"ఓనరుగారు చూసుకుంటార్ట," అన్నాడు.

ఆ ముక్క చిన్నారికి ఎక్కడో తగిలింది. చేతిలో కప్పు కింద పెట్టింది.

"ఏమండీ, ఈ ఆర్నెల్లలో ఈ మోటారు ఎన్నిసార్లు కాలింది?"

"ఇది మూడోసారి."

"వర్షాలకి వంటింటి గోడ ఉబ్బితే చెక్కి మళ్ళీ పూయించారు. అదీ ఈ ఆర్నెల్లలోనే కదా?"

"అవును. ఏం?"

"ఎవరు చేయించారు?"

"ఎవరేంటి, ఓనరు..." అని మాస్టారు మధ్యలో ఆగాడు.

"రేపు సంతకం పెట్టాక ఓనరెవరు?"

మాస్టారు టేపు కొస వదిలేశాడు. అది చర్రున డబ్బీలోకి దూరిపోయింది.

ఆ సమయానికే బాత్రూము తలుపు తెరుచుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని వదిన బయటికి వచ్చింది. ఒక చేత్తో పెద్ద సంచీ ఈడుస్తోంది. సంచీ అడుగునుంచి నీళ్ళు కారి, నడిమి గది ఉత్తరపు గోడ సగం చెరిగిపోయింది.

"వదినా," అంది చిన్నారి. లేచి వెళ్ళి ఆ సంచీ అందుకుంది. బరువుకి మెడ కలుక్కుమంది. ఇద్దరు మనుషుల వారం బట్టలు. "మీ ఇంట్లో నీళ్ళు లేక ఎన్నాళ్ళయింది?"

"నీళ్ళు లేకపోవడమేంటే? నిక్షేపంలా ఉన్నాయి. పొద్దున్నే ఓ గంట..."

"వదినా."

అరవలేదు, గొంతు పెంచలేదు. పళ్ళు సరిగ్గా కూచోలేదని మొహమాటంతో చెప్పలేని ముసలివాళ్ళని డాక్టరు గదిలో కూచోబెట్టి అడిగేటప్పుడు ఆమె గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది.

వదిన మంచం మీద కూలబడింది. తువ్వాలు ఊడి భుజం మీద పడింది.

"నెల దాటింది," అంది. "బోరు పంపు పోయింది. కొత్తది వేయాలంటే అందరూ తలా ఇంత వేసుకోవాలి. సగం ఫ్లాట్లు ఖాళీ, వాళ్ళు ఫోనే ఎత్తరు. ఉన్నవాళ్ళు ఖాళీవాళ్ళ వాటా మేమెందుకు కట్టాలంటారు. మీటింగు పెడితే పంపు సంగతి ఎవరికీ పట్టదు, చెప్పుల స్టాండు ఎవరి గుమ్మం ముందుందో దాని మీద కొట్టుకుంటారు. ముందు లిఫ్టు బాగుచేయించడానికి కట్టాం, బాగయ్యింది, మళ్ళీ ఆగింది. రంగులకి కట్టాం. రంగులు వేసినవాడు ముందువైపు వేసి, వెనకవైపు వేయకుండానే పోయాడు. మీ బావగారు నాలుగంతస్తులు బిందెలు మోసి మోసి నడుం పట్టేసి పడుకున్నారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేంటే?" అంది అత్తగారు.

"ఏం చెప్పను? సొంతిల్లమ్మా అది. అద్దె ఇల్లయితే నోరారా తిట్టుకోవచ్చు, ఓనరుని తిట్టుకోవచ్చు, విసుగొస్తే ఖాళీ చేసి పోవచ్చు. నాదాన్ని నేనే నలుగురిలో ఎలా తిట్టుకోను? గృహప్రవేశానికి మిమ్మల్నందర్నీ నిలబెట్టి గది గది తిప్పి చూపించానే."

 వదిన తువ్వాలు కొసతో కళ్ళు ఒత్తుకుంది. సబ్బు నురగో కన్నీళ్ళో, రెండూ కలిసే ఉన్నాయి.

"అక్కా," అన్నాడు మాస్టారు. "ఇదంతా తెలిసీ నన్నెలా కొనమన్నావు?"

"స్వార్థం," అంది వదిన. దాపరికం లేకుండా అనేసింది. "పక్కింట్లో నువ్వుంటే మీటింగులో నా వైపు మాట్లాడే మనిషి ఉంటాడనుకున్నా. నువ్వు విజిలేస్తే అందరూ నోరు మూస్తారనిపించింది. నీ వాటా నువ్వు టంచనుగా కడతావు, అదొకటి. అన్నిటికంటే, పక్కన నా అన్నవాళ్ళుంటే ఆ బిందెలు మోయడం ఇంత ఏడుపుగా ఉండదేమో అనిపించింది. ఇక తిడతారో కొడతారో మీ ఇష్టం."

తిట్టాలని చిన్నారికి అనిపించలేదు. గట్టి మనిషి, ఎప్పుడూ పైచేయి తనదే అన్నట్టుండే వదిన, ఇంటిదాకా బట్టల మూట మోసుకొచ్చి ఉతుక్కుని వెళ్ళింది నాలుగు వారాలు. ఆ మూట బరువు ఇప్పుడే చేతికి తెలిసింది.

మాస్టారు మాత్రం అంత సులువుగా వదిలే మనిషి కాదు. లేచి నిలబడి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. గ్రౌండులో వానొచ్చినప్పుడు నిలబడే పద్ధతి అది.

"సరే. ఇవన్నీ మనం లెక్కలో వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుందాం. మరమ్మతులకింత, అసోసియేషన్‌కింత, ఇంటి పన్నుకింత. అన్నీ కలిపి ఇంకో ఆర్నెల్లు రిహార్సల్ చేస్తే..."

"వద్దు నాన్నా," అంది పండు. "ఇప్పటికే నా స్నేహితులు నేను వేరే ఊరు వెళ్ళిపోయాననుకుంటున్నారు."

"నువ్వుండు. చిన్నారీ, నువ్వు చెప్పు. రిహార్సల్ గెలిచామా లేదా?"

 చెప్పాల్సింది చిన్నారి మనసులో ఉంది గానీ, ల్యాబు సంగతి దాచుకున్న మనిషి, తన లాభం కోసం ఇల్లు వద్దంటోందేమోనని తనకే ఓ అనుమానం. ఆ అనుమానాన్ని ఓసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పెద్దాయన అసలా మాటే అనకపోయినా ఇప్పుడిదే చెప్పేదాన్నా? చెప్పేదాన్నే అని నమ్మకం కుదిరాక నోరు విప్పింది.

"మా దగ్గర సెట్టు పూర్తి చేసేముందు మైనం మీదే పళ్ళు పేర్చి డాక్టరుకి ట్రయల్‌కి పంపుతాం. పేషెంటు నోట్లో పెట్టుకుని అద్దంలో చూసుకుంటాడు. నవ్వుతాడు, అంకెలు లెక్కపెడతాడు. అబ్బ, ఎంత బాగున్నాయండీ అని మురిసిపోతాడు. ఒక్క పని మాత్రం చేయనివ్వరు."

"ఏంటది?"

"కొరకనివ్వరు. మైనం కదా, కొరికితే పళ్ళు పక్కకి ఒరిగిపోతాయి. అందంగా ఉన్నాయా, మాట పలుకుతోందా అన్నంతవరకే ఆ ట్రయల్. నమలడం సంగతి అసలు సెట్టు వచ్చాకే. మనం చేసింది ఆ మైనం ట్రయలండీ. వాయిదా డబ్బు తీసి పక్కన పెట్టాం, బాగా పెట్టాం. కానీ మోటారు కాలితే ఓనరు చూసుకున్నాడు, గోడ ఉబ్బితే ఓనరు చూసుకున్నాడు. మనం నవ్వాం, అంకెలు లెక్కపెట్టాం. కొరకలేదు."

మాస్టారు వెనక్కి కట్టుకున్న చేతులు విప్పాడు.

"ఇంకో మాట," అంది ఆమె. "ఈ ఆర్నెల్లలో మన నలుగురిలో ఎవరికైనా జ్వరమైనా వచ్చిందా? రాలేదు. వచ్చుంటే ఆ నెల కట్టగలిగేవాళ్ళమా? నా ఆదివారాలన్నీ అమ్మితే, మీ బండి అమ్మితే, అత్తయ్య కళ్ళజోడు మానేస్తే సరిపోయింది. ఇక అమ్మడానికేం మిగల్లేదు. రేపు ఆ ఇంట్లో పంపు పోతే ఏం అమ్ముతాం?"

"మంచం," అంది అత్తగారు. ఎవరైనా నవ్వుతారేమోనని చూసి, తనే కాస్త సర్దుకుని కూచుంది. "అదంతా బాగానే ఉందమ్మాయ్. నా మాటకి కూడా జవాబు చెప్పు. ఈ ఓనరు మంచివాడు. ఆయన తర్వాత ఆయన కొడుకు ఎలాంటివాడో తెలీదు. రేపు అద్దె పెంచుతాడు, ఎల్లుండి ఖాళీ చెయ్యమంటాడు. ఇప్పుడంటే ఇద్దరూ సంపాదిస్తున్నారు. మీకు జీతాలాగిపోయాక అద్దె ఎవడు కడతాడు? నా ఈడొచ్చాక మూట నెత్తినెట్టుకుని ఇళ్ళు వెతుక్కుంటూ తిరుగుతారా?"

అది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదని చిన్నారికి తెలుసు. ఆర్నెల్లు ఆ ప్రశ్నే కదా వాళ్ళందరినీ నడిపించింది. అత్తగారి పక్కన మంచం మీద కూచుంది.

"నిజమే అత్తయ్యా. అద్దె పెరుగుతుంది, ఎక్కడికీ పోదు. ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ చెయ్యమనొచ్చు కూడా. ఆ భయం లేదని నేను చెప్పను. ఇల్లే వద్దని కూడా చెప్పను. ఈ ఇల్లు, ఈ ధరకి, ఇలా ఊపిరి సలపకుండా కొనడం వద్దంటున్నాను. ఆర్నెల్లు డబ్బు పక్కన పెట్టడం అలవాటైంది. అందులో సగం పెడుతూనే ఉందాం. మిగతా సగంతో మీ కళ్ళజోడు కొందాం, నేను ఆదివారం ఇంట్లో పడుకుంటాను. ముసలితనానికి ఇల్లు కావాలా, చేతిలో డబ్బు కావాలా, రెండూ కొంచెం కొంచెం కావాలా, అప్పటికి తెలుస్తుంది. ఇప్పుడే ఉన్నదంతా ఊడ్చి ఆ నాలుగో అంతస్తులో పోసి, ఆగిపోయిన లిఫ్టు ముందు మీ మోకాళ్ళతో నిలబడితే మాత్రం నాకు ఏడుపొస్తుంది."

"లిఫ్టు లేకుండా నేనెక్కలేను," అంది అత్తగారు. ఆ విషయం ఇప్పుడే తట్టినట్టుంది. "ఎక్కితే దిగలేను. నన్ను అక్కడే ఉంచేస్తారన్నమాట."

"బ్యాంకాయన చూపించిన లెక్క నేనూ చూశాను నానమ్మా," అంది పండు. "మొదటి కొన్నేళ్ళు మనం కట్టేదాంట్లో ఎక్కువ వడ్డీకే పోతుంది. ఇల్లు మనదంటాం గానీ, అప్పటిదాకా బ్యాంకుకి అద్దె కట్టినట్టే. ఆ ఓనరు మోటారు కూడా బాగుచేయించడు."

 మాస్టారు మెల్లిగా వచ్చి మంచం రెండో చివర కూచున్నాడు. ఆ మంచం మీద ఇప్పుడు నలుగురు. పాత చెక్క చిన్నగా కిర్రుమంది, అంతే.

కోపమొచ్చిందేమోనని చిన్నారి పక్కకి తిరిగి చూసింది. మెడ అటు తిరగదు, ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చింది. అతని మొహంలో కోపం లేదు. బడి ఆఖరి గంట కొట్టాక పిల్లల మొహాల్లో కనిపించేదేదో ఉంది.

"నిన్న బడి మధ్యాహ్నం విరామంలో ఆ ఫ్లాటు చూడ్డానికెళ్ళాను," అన్నాడు. "లిఫ్టు ఆగి ఉంటే కరెంటు పోయిందేమో అనుకుని మెట్లెక్కాను. అమ్మేవాళ్ళిచ్చిన తాళంచెవితో తీస్తుంటే తాళం పట్టేసింది. ఎంతకీ రాలేదు. రాకపోతే బాగుండునని అనిపించింది, తెలుసా. అలా అనిపించినందుకు నాకే సిగ్గేసింది. స్టాఫ్‌రూములో అందరికీ చెప్పుకున్నాను కదా కొంటున్నానని. రిటైరయ్యేలోగా సొంతిల్లు లేకపోతే ఏం మగాడివి అన్నట్టు చూస్తారు వాళ్ళు. రాత్రుళ్ళు కళ్ళు మూసుకుంటే అంకెలే. మీ అందరికీ కావాలేమో, నేనే వెనకాడుతున్నానేమో అనుకుని గట్టిగా పట్టుకుని ఉన్నాను."

"మేమేమో మీకు కావాలని పట్టుకుని ఉన్నాం," అంది చిన్నారి.

"మరి ఎవరికి కావాలి?"

అందరి చూపులూ వదిన మీదికి తిరిగాయి.

"నన్ను చూడకండి," అంది ఆవిడ. "నాకు నాదే ఎక్కువైంది."

ముందు అత్తగారికి నవ్వొచ్చింది. ఆవిడ నవ్వితే ఒళ్ళంతా ఊగుతుంది, ఆవిడతో పాటు మంచం, మంచంతో పాటు మిగతా ముగ్గురు. మెడ పట్టేసినా చిన్నారి కూడా పగలబడి నవ్వింది.

మాస్టారు ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. బయానా ఇంకా ఇవ్వకపోవడం మంచిదైంది, పోయేది మాట ఒక్కటే. తలుపు సందులోంచి గొంతు వినిపిస్తోంది. "అవునండీ, రేపు రావట్లేదండీ... లేదండీ, ధర గురించి కాదు... తగ్గించినా వద్దండీ... ఇంట్లో అందరం కూచుని అనుకున్నాం. మీకు మంచి గిరాకీ రావాలి." లోపలికి వచ్చేటప్పుడు తల ఎత్తి నడిచొచ్చాడు. "ఏం తిట్టలేదు," అన్నాడు ఆశ్చర్యంగా. "మీరే నయం, ముందే చెప్పారు అన్నాడు."

పండు రొట్టె ముక్కలు కాల్చి పళ్ళెంలో పెట్టుకొచ్చింది. వదిన వరండాలో తీగకి తడిబట్టలు ఆరేసుకుంటూ, మొదటిసారి తన బిల్డింగుని పైనుంచి కింది దాకా తిట్టింది. తిడుతున్నకొద్దీ ఆవిడ మొహం తేటపడింది. "బావగారి నడుం నయమయ్యేదాకా మీరిద్దరూ ఇక్కడే ఉండిపోండి వదినా," అంది చిన్నారి. "మోటారు రేపు వచ్చేస్తుంది. మన ఖర్చు కూడా కాదు."

మిగతావాళ్ళు మళ్ళీ మంచం చుట్టూ చేరారు. ఎవరి చేతిలో కప్పు వాళ్ళ చేతిలో. మాస్టారు బండి మళ్ళీ కొనాలా, సైకిలే నయమా అని తండ్రీకూతుళ్ళు మొదలుపెట్టారు. సైకిలు వల్ల పొట్ట తగ్గిందని పండు, పొట్ట ఎప్పుడూ లేదని మాస్టారు.

చిన్నారి వాళ్ళ మాటలు వింటోంది. రేపటితో తీరిపోతుందనుకున్న సంగతి ఇంకా తనతోనే ఉంది. ఇంతసేపూ అందరూ ఒకరికోసం ఒకరు దాచుకున్నవే ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. మిగిలింది తనదే. భయం వేస్తుందేమోనని చూసుకుంది. ఆశ్చర్యంగా, అంతగా వేయలేదు. డాక్టర్లు బాకీలు ఆలస్యం చేస్తారు, పనివాళ్ళు మానేస్తారు, సరుకు ధర పెరుగుతుంది. అవన్నీ ఆమెకి మొహాలతో సహా తెలుసు. ఆ పని కొరికితే ఎంత గట్టిగా ఉంటుందో ఇన్నేళ్ళుగా తెలుసు.

"నేనో సంగతి చెప్పాలి," అంది. పాలు అయిపోయాయని చెప్పేటప్పుడు ఎలా చెబుతుందో అలాగే. "పెద్దాయన ల్యాబు మానేస్తున్నారు. నన్ను తీసుకోమన్నారు, అద్దెకి. మనం దాచిన దాంట్లో కొంత అడ్వాన్సుకి పోతుంది. ఎంతో మీ అందరి ముందే లెక్క వేస్తాను. ఫ్లాటు లేదని నిర్ణయమయ్యాకే చెబుతున్నాను, అదీ మీకు తెలియాలి. నేను తీసుకుంటున్నాను."

పండు చేతిలో రొట్టె ముక్క కాఫీలో మునిగి అలాగే ఉండిపోయింది. వరండా గుమ్మంలో వదిన, చేతిలో తడి దుప్పటితో ఆగింది. మాస్టారు భార్య వంక, పెళ్ళిచూపుల్లో చూసినట్టు, తల కాస్త పక్కకి వంచి చూశాడు. ఏదో అడగబోయాడు.

ఈలోగా అత్తగారు దిండు సర్దుకుంటూ అంది.

"అయితే రేపే వెళ్ళి చెప్పెయ్యి. శనివారం దాకా ఆగకు. ఆ మెషీన్ల కోసం తిరుగుతున్నవాళ్ళు మంచివాళ్ళు కారు."

చిన్నారి కప్పు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. శనివారం గడువు సంగతి గానీ, మెషీన్ల కోసం ఎవరో తిరుగుతున్నారన్న సంగతి గానీ, ఆమె ఈ ఇంట్లో ఎవరి దగ్గరా అనలేదు.